ఇన్సులిన్ రిసెప్టర్‌ను పట్టుకోవడం, వదలడం: ఒక స్ప్రెడ్‌షీట్ నమూనా డైరీ

ఇన్సులిన్ తన రిసెప్టర్‌కు (కణం మీద దాన్ని పట్టుకునే ప్రొటీన్‌కు) ఎంత వేగంగా అతుక్కుంటుంది, అతుక్కున్నాక ఎంతసేపు ఉండి విడిపోతుంది అనే రెండు విషయాలను వేర్వేరుగా లెక్కగట్టే నమూనాను మామూలు స్ప్రెడ్‌షీట్‌లో నిర్మించిన క్రమం ఇది. డిగ్రీ స్థాయి జీవరసాయన పుస్తకాలు చాలావరకు ఈ రెండింటినీ కలిపి వియోజన స్థిరాంకం అనే ఒకే అంకెగా చెప్పి ముందుకు సాగిపోతాయి. ఆ అంకెను ఇక్కడ కేడీ అని రాస్తున్నాను. సగం రిసెప్టర్లు నిండడానికి ఎంత హార్మోన్ కావాలో కేడీ చెబుతుంది గాని, నిండిన రిసెప్టర్ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పదు. పైగా ఇన్సులిన్ విషయంలో విడుదల వేగం ఒక స్థిరమైన అంకె కానే కాదు. డైరీలో ఎక్కువ చోటు ఆ సంగతికే కేటాయించాను.

ఇదే పని ప్రయోగశాలలో చేయాలంటే అయొడిన్-125 తగిలించిన ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్‌లో ఏ, బీ అనే రెండు అమైనో ఆమ్లాల గొలుసులు ఉంటాయి; వాటిలో ‘ఏ’ గొలుసు 14వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద ఒక్క అయొడిన్ పరమాణువు మాత్రమే ఉన్న రకాన్ని ఎంచుకుంటారు, ఎందుకంటే అది రిసెప్టర్ దగ్గర సహజ ఇన్సులిన్‌లాగే ప్రవర్తిస్తుంది. ఆ ఐసోటోప్ అర్ధాయువు దాదాపు 60 రోజులు కాబట్టి కొని దాచుకునే వస్తువు కాదు. మన దేశంలో దాన్ని వాడడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కూడా ఉండాలి. అందుచేత ఇక్కడ చేసినదంతా లెక్క మాత్రమే. వాడిన పనిముట్లు లిబ్రె ఆఫీస్ కాల్క్, 4 గిగాబైట్ల మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్, సరిచూసుకోవడానికి చేతి కాలిక్యులేటర్.

దశ 1: ప్రమాణాలు, ఎంచుకున్న అంకెలు

రక్తపరీక్ష రిపోర్టులో ఇన్సులిన్‌ను మిల్లీలీటరుకు మైక్రోయూనిట్లలో ఇస్తారు. బంధనం లెక్కకు మోలార్ గాఢత, అంటే లీటరుకు ఎన్ని మోల్స్ అన్నది, కావాలి. మానవ ఇన్సులిన్ ఒక యూనిట్ అంటే 6 నానోమోల్స్, కాబట్టి మిల్లీలీటరుకు 1 మైక్రోయూనిట్ అంటే 6 పికోమోలార్ (0.006 నానోమోలార్). ఇంటర్నెట్‌లో దొరికే మార్పిడి పట్టికల్లో చాలా వాటిలో 6 బదులు 6.945 కనిపిస్తుంది. అది వాడితే మొదటి గడిలోనే దాదాపు 16 శాతం తేడా చేరి, చివరిదాకా వెంట వస్తుంది. పట్టికను నమ్మకుండా యూనిట్ నిర్వచనం నుంచి బయలుదేరడమే క్షేమం.

షీటులో పెట్టిన విలువలు:

1. అతుక్కునే వేగ స్థిరాంకం: నానోమోలార్‌కు, సెకనుకు 0.001.
2. విడిపోయే వేగ స్థిరాంకం: సెకనుకు 0.0005.
3. వాటి నిష్పత్తి, అంటే కేడీ: 0.5 నానోమోలార్.
4. విడుదల అర్ధకాలం (అతుక్కున్నవాటిలో సగం విడిపోవడానికి పట్టే సమయం): 0.693ను 0.0005తో భాగిస్తే 1,386 సెకన్లు, అంటే 23.1 నిమిషాలు.

ఇవి లెక్క సులువుగా సాగడానికి ఎంచుకున్న గుండ్రటి అంకెలు. ఏ ఒక్క ప్రయోగంలోనూ కొలిచినవి కావు. ఇన్సులిన్ రిసెప్టర్‌లోని గట్టి బంధనం నానోమోలార్‌లో కొన్ని పదోవంతుల స్థాయిలో ఉంటుంది కాబట్టి, ఆ పరిధిలోనే ఉండేలా చూసుకున్నాను. పరగడుపున 10 మైక్రోయూనిట్లు ఉంటే 0.06 నానోమోలార్ అవుతుంది. ఆ గాఢతలో సమతాస్థితి (అతుక్కునేవీ విడిపోయేవీ సరిసమానమయ్యే స్థితి) వచ్చేసరికి 10.7 శాతం రిసెప్టర్లు నిండుతాయి. భోజనం తరవాత 60 మైక్రోయూనిట్లకు, అంటే 0.36 నానోమోలార్‌కు చేరితే 41.9 శాతం నిండుతాయి.

దశ 2: ఒక హార్మోన్, ఒక రిసెప్టర్

మొదటి షీటులో ఇన్సులిన్ గాఢత మారదని అనుకున్నాను. నిలువు వరుసలు ఇవి:

1. ‘ఏ’ (A) వరుసలో కాలం, సెకన్లలో.
2. బీ వరుసలో నిండిన రిసెప్టర్ల భిన్నం. ప్రతి అడ్డువరుసలో పై గడి విలువకు, ఆ విరామంలో కొత్తగా అతుక్కున్నదాన్ని కలిపి, విడిపోయినదాన్ని తీసివేయాలి.
3. సీ వరుసలో ఖాళీ రిసెప్టర్ల భిన్నం. దీన్ని 1 నుంచి బీని తీసివేసి రాబట్టకూడదు. అతుక్కున్నది తగ్గించి, విడిపోయినది కలిపి, దీని లెక్క ఇది వేసుకోవాలి.
4. డీ వరుసలో బీ, సీల మొత్తం. ఇది జమాఖర్చుల చిట్టాలో నిల్వ లాంటిది. ఎప్పుడూ 1 రావాలి.

ఇప్పటికి మొత్తం: అడ్డువరుసలు 121 (60 సెకన్లకు ఒకటి చొప్పున రెండు గంటలు), నిలువు వరుసలు 4, మార్చదగిన విలువలు 4.

దశ 3: కాల విరామం

ఇన్సులిన్ గాఢతను 50 నానోమోలార్‌కు పెంచగానే షీటు చెడింది. బీ వరుసలో సున్నా తరవాత వచ్చిన అంకెలు వరుసగా 3.00, −3.09, 9.27. అంటే మొదటి నిమిషంలో 300 శాతం రిసెప్టర్లు నిండాయని, రెండో నిమిషంలో సున్నాకన్నా తక్కువ ఉన్నాయని షీటు చెబుతోంది. వింతేమిటంటే డీ వరుస ఈ మూడు చోట్లా ఖచ్చితంగా 1 చూపింది. బీలో 3 ఉంటే సీలో −2 ఉంది; మొత్తం ఎలాగూ ఒకటే. నిల్వ సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని కాదు.

కారణం విరామం పొడవు. అతుక్కునే వేగం సెకనుకు 0.05, విడిపోయే వేగం 0.0005, రెండూ కలిపి 0.0505. దీన్ని 60 సెకన్లతో గుణిస్తే 3.03 వస్తుంది. ఈ లబ్ధం 2 దాటితే, ప్రతి అడుగులోనూ లెక్క గమ్యాన్ని దాటి అవతలికి దూకుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువగా దూకుతుంది. 1కీ 2కీ మధ్య ఉంటే ఊగుతూ సర్దుకుంటుంది, అది మరీ ప్రమాదం, ఎందుకంటే గ్రాఫు చూడడానికి నిజమైన జీవప్రక్రియలాగే కనిపిస్తుంది.

మార్పులు:

1. విరామం 1 సెకను చేశాను. లబ్ధం 0.05కు తగ్గింది. ఎంచుకున్న గాఢత ఏదైనా లబ్ధం 0.1 లోపు ఉండాలన్నది ఇక్కడినుంచి నియమం.
2. ‘ఈ’ (E) అనే అయిదో నిలువు వరుసలో హద్దు పరీక్ష చేర్చాను: బీ గాని సీ గాని సున్నాకు కిందికి లేదా 1కి పైకి పోతే ఆ గడి ఎర్రగా మారుతుంది.
3. ఇన్ని అడ్డువరుసలతో గ్రాఫు గీయమంటే ల్యాప్‌టాప్ మొరాయించింది. అందుకని రెండో షీటు పెట్టి, ఇండెక్స్ ఫంక్షన్‌తో ప్రతి 60వ వరుసను మాత్రమే అక్కడికి లాగి, 121 బిందువులతో గ్రాఫు గీయించాను.

ఇప్పటికి మొత్తం: అడ్డువరుసలు 7,201, నిలువు వరుసలు 5, మార్చదగిన విలువలు 4.

దశ 4: సమతాస్థితికి పట్టే సమయం

హార్మోన్ తక్కువైతే బంధనం తక్కువ కాబట్టి త్వరగా ముగుస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. సమతాస్థితికి చేరే వేగం అతుక్కునే వేగం, విడిపోయే వేగం రెండింటి మొత్తం కాబట్టి, గాఢత తగ్గినకొద్దీ ఆ ప్రయాణం నెమ్మదిస్తుంది. సగం దూరం పోవడానికి పట్టే సమయం షీటులో ఇలా వచ్చింది:

1. 50 నానోమోలార్‌కు 13.7 సెకన్లు.
2. 5 నానోమోలార్‌కు 126 సెకన్లు.
3. 0.06 నానోమోలార్‌కు 1,238 సెకన్లు, అంటే 20 నిమిషాలకు పైనే.

ప్రయోగశాలలోలాగా ఒక్కో గాఢతకు ఒక్కో గొట్టం పెట్టి, గొట్టాలన్నింటినీ ఒకే 15 నిమిషాలు ఉంచి ఆపేస్తే ఏమవుతుందో షీటులో చూశాను. 5 నానోమోలార్ దగ్గర నష్టమేమీ లేదు, రావలసిన 90.9 శాతానికి 90.3 వచ్చింది. 0.5 దగ్గర 50 శాతానికి 29.7 మాత్రమే వచ్చింది. 0.06 దగ్గర 10.7 శాతానికి 4.2 వచ్చింది. ఈ అంకెలతో గ్రాఫు గీస్తే సగం నిండే గాఢత 0.5 బదులు సుమారు 1.02 నానోమోలార్‌గా కనిపిస్తుంది. గ్రాఫు మాత్రం నున్నగా, అందంగానే ఉంటుంది. అందులో ఏ లోపమూ కంటికి ఆనదు. కాబట్టి ఎంతసేపు ఉంచాలో నిర్ణయించవలసింది అతి తక్కువ గాఢత ఉన్న గొట్టాన్ని బట్టి. ఈ షీటుకు అది అయిదు అర్ధకాలాలు, అంటే దాదాపు 103 నిమిషాలు.

దశ 5: హార్మోన్ తరుగుదల

ఇన్సులిన్ గాఢత మారదన్న ఊహను ఇక్కడ వదిలేశాను. రిసెప్టర్లకు అతుక్కున్న ఇన్సులిన్ ద్రావణంలో మిగలదు కదా. మొత్తం ఇన్సులిన్ 0.5, మొత్తం రిసెప్టర్లు 0.5 నానోమోలార్ అనుకుంటే, పాత షీటు సగం నిండాయని చెప్పింది. సవరించిన షీటులో నిండినవి 38.2 శాతమే, ద్రావణంలో మిగిలిన ఇన్సులిన్ 0.309 నానోమోలార్. రిసెప్టర్లను 0.05కు, అంటే కేడీలో పదోవంతుకు తగ్గించాక నిండిన భాగం 48.8 శాతానికి వచ్చింది. ఇకపై అన్ని దశల్లోనూ రిసెప్టర్లు 0.05 దగ్గరే ఉంచాను.

ఇప్పటికి మొత్తం: నిలువు వరుసలు 7 (మిగిలిన ఇన్సులిన్, ఇన్సులిన్ నిల్వ చేరాయి), మార్చదగిన విలువలు 5.

దశ 6: స్కాచర్డ్ గ్రాఫు వంపులు

జార్జ్ స్కాచర్డ్ 1949లో ప్రతిపాదించిన ఈ గ్రాఫులో, అతుక్కున్న పరిమాణాన్ని అడ్డంగా, అతుక్కున్నదానిని మిగిలినదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తిని నిలువుగా వేస్తారు. ఒకే రకం రిసెప్టర్లు, ఒకదానితో ఒకటి ప్రమేయం లేకుండా ఉంటే సరళరేఖ వస్తుంది. ఇన్సులిన్‌కు అది రాదు. రేఖ లోపలికి కుంగిన వంపు వస్తుంది. ఆ కుంగు నిజమైనదా, ప్రయోగం వేసిన వేషమా అన్నది తేల్చుకోకుండా ముందుకు పోవడానికి వీల్లేదు. అనుమానించదగిన కారణాలు రెండింటిని షీటులోకి కావాలని ప్రవేశపెట్టి చూశాను.

మొదటిది, సమయం చాలకపోవడం. దశ 4లోని 15 నిమిషాల అంకెలను వేస్తే నిలువు విలువలు 0.06 నానోమోలార్ దగ్గర 0.71, 0.5 దగ్గర 0.59, 1 దగ్గర 0.49, 5 దగ్గర 0.18 వచ్చాయి. రేఖ వంగింది గాని, బయటికి ఉబ్బింది. ఇన్సులిన్ వంపుకు ఇది వ్యతిరేక దిశ కాబట్టి ఈ కారణాన్ని కొట్టివేయవచ్చు.

రెండోది, గొట్టం గోడలకూ కణత్వచంలోని కొవ్వుకూ అంటుకునే ఇన్సులిన్. ఇది నిండడం ఎరుగదు. గాఢతతోపాటు తిన్నగా పెరుగుతూనే పోతుంది. నానోమోలార్‌కు రిసెప్టర్ల మొత్తంలో 2 శాతం చొప్పున దీన్ని చేర్చి, తీసివేయకుండా వదిలేస్తే, 5 నానోమోలార్ దగ్గర అతుక్కున్నది 100.9 శాతం, 50 దగ్గర 199 శాతం అయింది. గ్రాఫు కుడివైపున పొడవైన తోక సాగి, అచ్చం ఇన్సులిన్ వంపులాగే కుంగింది. కాబట్టి అయొడిన్-125 గుర్తు ఉన్న ఇన్సులిన్‌తోపాటు గుర్తులేని ఇన్సులిన్‌ను విపరీతంగా పోసి, రిసెప్టర్లను దానితోనే నింపేసిన జోడు గొట్టాన్ని ప్రతి గాఢతకూ పెట్టి, అందులో మిగిలిన లెక్కను తీసివేయడం తప్పనిసరి. అలా తీసివేశాక కూడా ఇన్సులిన్ వంపు పోలేదన్నదే అసలు సమస్య. దానికి రెండు వివరణలు ఉండవచ్చు: గట్టిగా పట్టేవి, వదులుగా పట్టేవి అని రెండు రకాల రిసెప్టర్లు విడివిడిగా ఉండడం, లేదా ఒక ఇన్సులిన్ అతుక్కోవడం వల్ల మరొకదాని పట్టు సడలడం. సమతాస్థితి గ్రాఫు ఎంత శ్రద్ధగా గీసినా ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పలేదు. విడుదలను విడిగా చూడవలసి వచ్చేది ఇందుకే.

ఇప్పటికి మొత్తం: నిలువు వరుసలు 8, మార్చదగిన విలువలు 6.

దశ 7: విడుదల, పలుచన

షీటులో చేసిన పని:

1. 0.5 నానోమోలార్ గుర్తు ఇన్సులిన్‌తో సమతాస్థితి వచ్చేదాకా నడపాలి.
2. అన్ని గాఢతలనూ 100తో భాగించాలి. ప్రయోగశాలలో కణాలను వందరెట్లు ద్రావణంలో పలుచన చేయడానికి ఇది సమానం.
3. ఒక షీటులో పలుచన మాత్రమే చేయాలి. దాని కాపీలో పలుచనతోపాటు గుర్తులేని ఇన్సులిన్‌ను ఎక్కువగా చేర్చాలి.
4. 30 నిమిషాల తరవాత మొదటి బంధనంలో ఎంత శాతం మిగిలిందో చదవాలి.

పలుచన మాత్రమే చేసిన షీటులో 41.5 శాతం మిగిలింది. గుర్తులేని ఇన్సులిన్ చేర్చినదానిలో 40.7 శాతం మిగిలింది. ఆ 0.8 తేడా కూడా, పలుచనైన ద్రావణంలో మిగిలిన కొద్దిపాటి గుర్తు ఇన్సులిన్ మళ్లీ అతుక్కోవడం వల్ల వచ్చినదే. విడిపోయే స్థిరాంకం ఒక్కటే అయినప్పుడు పక్కన ఏ ఇన్సులిన్ ఉన్నా దానికి పట్టదు. రెండు రకాల రిసెప్టర్లు విడివిడిగా ఉన్నాయనుకున్నా ఫలితం ఇంతే. ప్రతి రకమూ తన వేగంతో తాను ఖాళీ అవుతుంది.

వాస్తవంలో జరిగేది వేరు. 1973లో అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న పియర్ డి మేట్స్, జెస్సీ రాత్, వారి సహచరులు ఐఎం-9 అనే మానవ లింఫోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) కణాలపై 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇదే ప్రయోగం చేశారు. గుర్తులేని ఇన్సులిన్ ఉన్న గొట్టంలో గుర్తు ఇన్సులిన్ స్పష్టంగా త్వరగా విడిపోయింది. వారు దీన్ని నెగెటివ్ కోఆపరేటివిటీగా, అంటే ఒక ఇన్సులిన్ అతుక్కోవడం వల్ల మరొకదాని పట్టు సడలడంగా వివరించారు. నా షీటులో ఏ అంకె మార్చినా ఆ తేడా రాదు, ఎందుకంటే అది రావడానికి కావలసిన ఏర్పాటే షీటులో లేదు.

ఇప్పటికి మొత్తం: నిలువు వరుసలు 10, మార్చదగిన విలువలు 8.

దశ 8: తిరిగి అతుక్కోవడం అనే అభ్యంతరం

ఏర్పాటును మార్చేముందు, సులువైన మరో వివరణకు అవకాశం ఇవ్వాలి. కణం ఉపరితలం మీద రిసెప్టర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకదానినుంచి విడిపోయిన ఇన్సులిన్ ద్రావణంలోకి పోయేలోగా పక్కదానికి అతుక్కోవచ్చు. అలాంటప్పుడు వందరెట్ల పలుచన కూడా చాలకపోవచ్చు. గుర్తులేని ఇన్సులిన్ ఆ పక్క రిసెప్టర్లను నింపేసి తిరిగి అతుక్కోవడాన్ని ఆపుతుంది కాబట్టే విడుదల త్వరపడినట్టు కనిపిస్తుందన్నది అభ్యంతరం. తీసిపారేయదగిన మాట కాదిది.

దీన్ని షీటులో పెట్టడానికి, రిసెప్టర్లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు విడిపోయిన ప్రతి రెండు అణువుల్లో ఒకటి తిరిగి అతుక్కుంటుందనీ, ఖాళీలు తగ్గినకొద్దీ ఆ అవకాశం తగ్గుతుందనీ అనుకున్నాను. గుర్తులేని ఇన్సులిన్ గాఢతను బట్టి విడుదల అర్ధకాలం ఇలా మారింది:

1. 0 నానోమోలార్: 46.2 నిమిషాలు.
2. 0.5 నానోమోలార్: 34.7 నిమిషాలు.
3. 5 నానోమోలార్: 25.2 నిమిషాలు.
4. 50 నానోమోలార్: 23.3 నిమిషాలు.
5. 500 నానోమోలార్: 23.1 నిమిషాలు.

తేడా వచ్చింది. అయితే ఆ తేడా ఒకే దిశలో పోయి, ఒక అంచు దగ్గర నిలిచిపోయింది. ఈ ఏర్పాటులో గుర్తులేని ఇన్సులిన్‌ను ఎంత పెంచినా విడుదల మళ్లీ నెమ్మదించే మార్గం లేదు. ప్రయోగాల్లో మాత్రం సుమారు 100 నానోమోలార్ దాటాక వేగం తిరిగి తగ్గుతుంది; గాఢతకు ఎదురుగా విడుదల వేగాన్ని గీస్తే గంట ఆకారం వస్తుంది. తిరిగి అతుక్కోవడం కొంత ఉంటే ఉండవచ్చు గాని, గంట ఆకారానికి అది కారణం కాలేదు. ఆ విలువను షీటునుంచి తీసేశాను.

దశ 9: వంతెన

1994లో షాఫర్ అనే పరిశోధకుడు, పైన చెప్పిన డి మేట్స్ వేర్వేరుగా ప్రతిపాదించిన నమూనాను ఆధారం చేసుకున్నాను. ఇన్సులిన్ రిసెప్టర్‌లో రెండు సమానమైన సగాలు డైసల్ఫైడ్ బంధాలతో (గంధకం పరమాణువుల మధ్య బంధాలతో) కలిసి ఉంటాయి. ప్రతి సగంలోనూ ఇన్సులిన్‌ను పట్టే చోట్లు రెండు ఉన్నాయి, అవి ఒకేలాంటివి కావు. ఒక ఇన్సులిన్ అణువు ఒక వైపు మొదటి చోటునూ, ఎదుటి సగంలోని రెండో చోటునూ ఒకేసారి పట్టుకుని వంతెనలా నిలుస్తుంది. గట్టి బంధనం అంటే ఇదే. ఇలాంటి వంతెనకు చోటు రిసెప్టర్‌కు రెండు పక్కలా ఉంది గాని, రెండో పక్క వంతెన పడితే మొదటి పక్కది తెరుచుకుంటుంది. తెరుచుకున్న వంతెన ఒక్క చోటునే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఇన్సులిన్ సులువుగా జారిపోతుంది.

గాఢత మరీ ఎక్కువైతే రెండో పక్కన ఉన్న రెండు చోట్లనూ రెండు వేర్వేరు అణువులు ఆక్రమిస్తాయి. అప్పుడు అక్కడ వంతెన పడే వీలుండదు, మొదటి పక్క వంతెన తెరుచుకోదు, విడుదల తిరిగి నెమ్మదిస్తుంది.

షీటులో దీన్ని ఇలా కుదించాను:

1. రెండో పక్క ఖాళీగా ఉంటే విడుదల వేగం సెకనుకు 0.0002.
2. రెండో పక్క ఒక అణువు వంతెన కడితే 0.001.
3. రెండో పక్క రెండు అణువులు ఉంటే తిరిగి 0.0002.
4. రెండో పక్క మొదటి అణువుకు కేడీ 2 నానోమోలార్, దానిమీద రెండో అణువుకు 200 నానోమోలార్.
5. ఈ మూడు స్థితుల వాటాలు ఎప్పుడూ సమతాస్థితిలో ఉంటాయని ఊహ. వాటాలకు మూడు నిలువు వరుసలు. వాటి సగటుతో అసలు విడుదల వేగం.

30 నిమిషాలకు మిగిలిన గుర్తు ఇన్సులిన్:

0 నానోమోలార్ దగ్గర 69.8 శాతం.
0.2 దగ్గర 61.2 శాతం.
2 దగ్గర 34.1 శాతం.
20 దగ్గర 21.0 శాతం.
200 దగ్గర 34.1 శాతం.
2,000 దగ్గర 61.2 శాతం.

గంట ఆకారం వచ్చింది. శిఖరం 20 నానోమోలార్ దగ్గర పడడం యాదృచ్ఛికం కాదు. 2, 200ల లబ్ధానికి వర్గమూలం 20. రెండు కేడీలు మార్చితే శిఖరం కదులుతుంది, వాటి మధ్య దూరం పెంచితే శిఖరం వెడల్పవుతుంది. ఇంత చక్కటి సౌష్ఠవం మాత్రం షీటు సరళత వల్ల వచ్చినదే. మొదటి స్థితికీ మూడో స్థితికీ ఒకే వేగం ఇచ్చింది నేనే.

ఇక్కడ ఇంకొక బలహీనత ఉంది. రెండో పక్క ఎప్పుడూ సమతాస్థితిలో ఉంటుందన్న ఊహ తక్కువ గాఢతలో నిలవదు. అతుక్కునే వేగం దశ 1లోనిదే అనుకుంటే, 20 నానోమోలార్ దగ్గర సమతాస్థితికి సగం దూరం పోవడానికి 31 సెకన్లు చాలు, 0.2 దగ్గర అయిదు నిమిషాలకు పైన పడుతుంది. అందువల్ల 0.2 దగ్గరి మొదటి నిమిషాల్లో షీటు విడుదలను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతోంది. 0.2 దగ్గరి అంకెను కాపీ చేసుకునేవారు దాన్ని అంచనాగానే తీసుకోవాలి.

నమూనాకు ఆకారపు ఆధారం తరవాతి కాలంలో వచ్చింది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో ప్రకటించిన నిర్మాణంలో, రిసెప్టర్ బయటి భాగం మడిచిన ఆకృతిలో ఉండి, రెండు సగాల చోట్లు ఎదురెదురుగా వచ్చేలా కనిపించింది. 2019, 2020లో క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో (అణువులను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చిత్రించే పద్ధతితో) తీసిన చిత్రాల్లో, ఇన్సులిన్ పుష్కలంగా ఉన్నప్పుడు రిసెప్టర్ ఇంగ్లీషు టీ (T) అక్షరం ఆకారంలో నిలిచి, నాలుగు ఇన్సులిన్ అణువులను పట్టుకుని ఉంది. వంతెన బొమ్మలోని ప్రతి వివరమూ ఆ చిత్రాలతో సరిపోదు. ఒక రిసెప్టర్‌కు ఒకటికి మించి అణువులు, రెండు రకాల చోట్లలో పట్టగలవన్నది మాత్రం కంటికి కనిపించింది. ఈ షీటు ఆధారపడింది అంతవరకే.

ఇప్పటికి మొత్తం: నిలువు వరుసలు 14, మార్చదగిన విలువలు 11.

దశ 10: ఒకే కేడీ, వేర్వేరు విడుదల

సాదా నమూనా కాపీలో రెండు స్థిరాంకాలనూ అయిదో వంతుకు తగ్గించాను: అతుక్కునేది 0.0002, విడిపోయేది 0.0001. కేడీ మళ్లీ 0.5 నానోమోలారే. 0.36 నానోమోలార్ ఇన్సులిన్‌ను 30 నిమిషాలు ఉంచి, పూర్తిగా తీసేసి, ఇంకో గంట నడిపాను. 30 నిమిషాలకు వేగవంతమైన జత 33.0 శాతం, నెమ్మదైన జత 11.1 శాతం నిండాయి. గంట తరవాత క్రమం తారుమారై, వేగవంతమైనదానిలో 5.4, నెమ్మదైనదానిలో 7.8 శాతం మిగిలాయి. కేడీ పట్టికలో ఈ రెండు హార్మోన్లూ ఒకే గీతలో కూర్చుంటాయి.

ఈ తేడా కాగితానికే పరిమితం కాదు. బీ గొలుసు 10వ స్థానంలో హిస్టిడిన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లం పెట్టిన ఎక్స్10 అనే ఇన్సులిన్ రకం రిసెప్టర్‌నుంచి సహజ ఇన్సులిన్ కన్నా చాలా నెమ్మదిగా విడిపోతుంది. ఆడ ఎలుకల్లో రొమ్ము కణుతులు పెరగడంతో దాన్ని మందుగా తయారుచేసే ప్రయత్నం ఆపేశారు. ఆ తరవాత కొత్త ఇన్సులిన్ రకాలను పరీక్షించేటప్పుడు, ఎంత గట్టిగా అతుక్కుంటుందన్నదానితోపాటు ఎంతసేపు పట్టుకుని ఉంటుందన్నది కూడా చూస్తున్నారు.

దశ 11: 37 డిగ్రీలు

శరీర ఉష్ణోగ్రత దగ్గర కణం ఊరుకోదు. ఇన్సులిన్ అతుక్కున్న రిసెప్టర్‌ను లోపలికి లాక్కుంటుంది. లోపలి సంచిలో ఆమ్లత పెరగడం వల్ల ఇన్సులిన్ అక్కడ విడిపోయి, ఎంజైముల చేతిలో ముక్కలవుతుంది, రిసెప్టర్లలో చాలా భాగం ఉపరితలానికి తిరిగి వస్తుంది. ఉపరితలం మీద మాత్రమే చూసేవారికి ఇదంతా విడుదలగానే కనిపిస్తుంది. దీన్ని సెకనుకు 0.001 వేగంతో 15వ నిలువు వరుసగా చేర్చి, దశ 9 షీటును మళ్లీ నడిపాను.

1. లోపలికి లాగడం లేనప్పుడు: గుర్తులేని ఇన్సులిన్ 0 దగ్గర అర్ధకాలం 57.8 నిమిషాలు, 20 నానోమోలార్ దగ్గర 13.3 నిమిషాలు. నాలుగు రెట్లకు పైగా తేడా.
2. లోపలికి లాగడం ఉన్నప్పుడు: 0 దగ్గర 9.6 నిమిషాలు, 20 దగ్గర 6.2 నిమిషాలు. తేడా ఒకటిన్నర రెట్లు.

ఇంత చిన్న తేడా కొలత పొరపాట్లలో కలిసిపోయే ప్రమాదం ఉంది. ఐఎం-9 కణాల ప్రయోగాన్ని 15 డిగ్రీల దగ్గర చేయడానికి కారణం ఈ రెండు జతల అంకెల్లోనే ఉంది. కొత్త నిలువు వరుసను తొలగించలేదు. దాని వేగాన్ని 0గా ఉంచి, 37 డిగ్రీల లెక్క కావలసినప్పుడు మాత్రమే విలువ ఇస్తున్నాను. తరవాత చేయవలసింది దశ 9లోని సమతాస్థితి ఊహను తీసేసి, మూడు స్థితులకూ వేటి వేగాలు వాటికి ఇవ్వడం. దానికి విరామం 1 సెకనుకన్నా తగ్గించాలి, ఎందుకంటే 2,000 నానోమోలార్ దగ్గర లబ్ధం అప్పుడే 2 చుట్టూ ఉంటుంది.

ఇప్పటికి మొత్తం: అడ్డువరుసలు 7,201, నిలువు వరుసలు 15, మార్చదగిన విలువలు 12.